ఇచ్చినదానికి లెక్కుంది, వచ్చినదానికి లేదు

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో 16వ సెక్షన్ ఉంది. ప్రభుత్వ నిధులు, గుర్తింపు ఉన్న బడులన్నింటిలో అమలయ్యేలా ప్రభుత్వాలు చూడాల్సిన ఎనిమిది అంశాలు అందులో ఉన్నాయి. వివక్ష లేకుండా చేర్చుకోవడం, భవనంలో పిల్లలు ఇబ్బంది లేకుండా తిరగగలగడం, రవాణా ఏర్పాటు వంటివి అందరికీ తెలిసినవే. ర్యాంపు లేదని పేపర్లో ఫొటో వస్తుంది, కలెక్టరేట్‌లో అర్జీ పడుతుంది. అదే సెక్షన్‌లో ఏడో అంశాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ప్రతి దివ్యాంగ విద్యార్థీ బడిలో ఎంతవరకు పాలుపంచుకుంటున్నాడు, ఏ స్థాయి నుంచి ఏ స్థాయికి వచ్చాడు, చదువు పూర్తి చేశాడా లేదా అన్నది పర్యవేక్షించాలని అది చెబుతోంది. జిల్లా సగటుతో సరిపెట్టుకునే వీలు అందులో లేదు, ప్రతి విద్యార్థి సంగతీ విడిగా చూడాల్సిందే. ఈ ఏడో అంశం అమలు కావడం లేదని అర్జీ పెట్టాలంటే తల్లిదండ్రుల చేతిలో ఏ కాగితం ఉండాలి? చాలామంది దగ్గర ఏ కాగితమూ లేదు. ఈ వ్యాసం దాని గురించే.

మన దగ్గర లెక్కలే రాయడం లేదంటే అబద్ధమవుతుంది. సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తలా ఏడాదికి 3,500 రూపాయల కేటాయింపు ఉంది. ఆడపిల్లలకు పది నెలల పాటు నెలకు 200 రూపాయల స్టైపెండ్ వస్తుంది. బడికి తీసుకొచ్చే తోడు మనిషికి భత్యం, రవాణా భత్యం, కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్కో శిబిరాల్లో ట్రైసైకిళ్లు, వినికిడి యంత్రాలు, ఈ పిల్లల కోసం మండలాల్లో నడిపే భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ... ఇవన్నీ రిజిస్టర్లలో ఉంటాయి, ఆన్‌లైన్‌లోనూ ఎక్కుతాయి. డబ్బుతో ముడిపడినవి కాబట్టి ఆడిట్‌కు జవాబు చెప్పాలి, అందుకే పద్దు పక్కాగా ఉంటుంది. వినికిడి యంత్రం ఇచ్చిన తేదీ దొరుకుతుంది. అది పెట్టుకున్నాక ఆ పాప వెనక నుంచి పిలిస్తే తిరిగి చూస్తోందా, టీచర్ చెప్పిన రెండు పనుల్లో ఎన్ని అర్థం చేసుకుంటోంది, బ్యాటరీ అయిపోయి ఎన్ని నెలలుగా యంత్రం పెట్టెలో ఉంది అన్నవి ఎక్కడా దొరకవు. తల్లి వచ్చి అడిగితే ‘పర్లేదమ్మా, ఇప్పుడు బాగానే కూర్చుంటోంది’ అన్న మాట వినబడుతుంది. నోట్‌బుక్‌లో ‘పురోగతి కనిపిస్తోంది’ అని ఒక వాక్యం ఉంటుంది. మూడు నెలల తర్వాతా అదే వాక్యం.

దీనికి ఐఈఆర్పీలను, అంటే ఈ పిల్లల కోసం మండలాల్లో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులను, తప్పుపడితే అన్యాయం. మండలానికి ఒకరిద్దరు మనుషులే బడులన్నీ తిరగాలి, భవిత కేంద్రం నడపాలి, మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వెళ్లాలి, సర్వేలు చేయాలి, శిబిరాలకు పిల్లల్ని తీసుకెళ్లాలి, సాయంత్రానికి వివరాలు ఎక్కించాలి. అదీ ఏళ్ల తరబడి కాంట్రాక్టు జీతం మీద. పైనుంచి అడిగేది ఎంతమందికి ఏమిచ్చారని మాత్రమే అయినప్పుడు కిందివాళ్లు దాన్నే రాస్తారు.

బాధ కలిగించే విషయం ఏమిటంటే, ఈ పనికి కావలసిన పనిముట్లు మనకు కొత్తవి కావు, పరాయివీ కావు. మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లు ఏ పని చేయగలరో అంచనా వేయడానికి చెన్నైలో తయారైన మద్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్‌లో 18 విభాగాలున్నాయి, ఒక్కో విభాగంలో 20 చొప్పున మొత్తం 360 పనులు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో మొదలైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నాం, అదే గడ్డ మీద ఎఫ్ఏసీపీ అనే చెక్‌లిస్టును తయారుచేసింది. దేశమంతటా స్పెషల్ బీఈడీ చదివినవాళ్లకు ఇది తెలుసు. అందులో నాకు బాగా నచ్చేది మార్కులు వేసే తీరు. పిల్లవాడు ఒక పని చేస్తాడా, చేయడా అని రెండే గళ్లు పెట్టి ఊరుకోదు. తనంతట తాను చేస్తున్నాడా, అప్పుడప్పుడు గుర్తుచేస్తే చేస్తున్నాడా, నోటితో చెబితే చేస్తున్నాడా, చేయి పట్టి చేయిస్తే చేస్తున్నాడా, అసలు చేయలేకపోతున్నాడా అని వేర్వేరుగా గుర్తు పెట్టిస్తుంది. ఇంకో గడి కూడా ఉంది: ఆ పని చేసే అవకాశమే వాడికి ఎన్నడూ రాలేదు అని. ఇంట్లో అందరూ ముద్దు చేసి నోట్లో పెట్టే పిల్లవాడికి తినడం రాదని రాయడం వేరు, తినే అవకాశం ఇవ్వలేదని రాయడం వేరు. మొదటిది వాడి లోపంగా మిగిలిపోతుంది, రెండోది రేపటి నుంచి ఇంట్లో ఏం మారాలో చెబుతుంది.

ఇది ఎలా పనిచేస్తుందో చూడటానికి ఖరీదైన గది అక్కర్లేదు. ప్రతి ప్రభుత్వ బడిలో రోజూ జరిగే మధ్యాహ్న భోజనమే తీసుకుందాం. మేధోపరమైన వైకల్యం ఉన్న పదేళ్ల బాబు ఉన్నాడనుకోండి. భోజనమనే పనిని ఆరు మెట్లుగా విడదీయవచ్చు: పళ్లెం తెచ్చుకోవడం, వరుసలో నిలబడటం, పెట్టించుకుని ఒలకకుండా రావడం, కూర్చుని తినడం, కుళాయి దగ్గర పళ్లెం కడుక్కోవడం, దాని చోట పెట్టడం. జూన్‌లో పళ్లెం తెచ్చుకోవడం, తినడం రెండే సొంతంగా చేశాడు. వరుసలో చేయి పట్టుకుని నిలబెట్టాలి, కడగడం చేయి పట్టి చేయించాలి, మిగతా రెండూ లేవు. సెప్టెంబరులో వరుసలో నిలబడటానికి ‘నిలబడు నాన్నా’ అన్న మాట చాలు. కడగడం ఇంకా చేయి పట్టి చేయించాల్సిందే. మార్కుల కార్డు ప్రకారం ఈ బాబు జూన్‌లోనూ సున్నా, సెప్టెంబరులోనూ సున్నా. ఈ ఆరు మెట్ల కాగితం ప్రకారం మాత్రం ఒక మెట్టు మీద చేతి సాయం నుంచి మాట సాయానికి వచ్చాడు, ఇంకో మెట్టు మీద ఎక్కడున్నాడో అక్కడే ఆగాడు. ఆగిన చోట ఏదో అడ్డం ఉంది. కుళాయి ఎత్తుగా ఉందా? నీటి చప్పుడుకు భయపడుతున్నాడా? రద్దీలో తోసేస్తున్నారా? ఇంత సూటి ప్రశ్న అడిగే అవకాశం ‘పురోగతి కనిపిస్తోంది’ అన్న వాక్యం ఎప్పటికీ ఇవ్వదు. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు ‘రాదు’కీ ‘వచ్చింది’కీ మధ్యనున్న ఈ మెట్ల మీదే ఏళ్లకేళ్లు గడుపుతారు. అక్కడ జరిగే కదలికను రాయకపోతే వాళ్ల పిల్లవాడు ఏళ్ల తరబడి నేర్చుకున్నదంతా బడి దృష్టిలో లేనట్టే.

వ్యక్తిగత విద్యా ప్రణాళిక, అందరూ ఐఈపీ అనేది, ఎక్కువచోట్ల లక్ష్యాల దగ్గరే దెబ్బతింటోంది. ‘చదవడం మెరుగుపరచాలి’, ‘సామాజిక నైపుణ్యాలు పెంపొందించాలి’ అని రాసేస్తారు. ఈ రోజు ఎక్కడున్నాడో రాయకుండా రేపు ఎక్కడికి రావాలో రాయడం కుదరదు. డిస్‌లెక్సియా ఉన్న మూడో తరగతి పాప సంగతి చూడండి. ఆమెకు అక్షరాలన్నీ వచ్చు. గుణింతాల పట్టికను వరుసలో గడగడా చెబుతుంది. కానీ పదంలో కనిపించినప్పుడు ఎత్వం, ఏత్వం తేడా పట్టుకోలేదు, ఒత్తు కనబడగానే ఆగిపోతుంది లేదా ఒత్తును మింగేసి చదువుతుంది. ‘తెలుగు: సి గ్రేడు’ అంటే ఇందులో ఏదీ తెలియదు. ఇంతకుముందు చూడని గుణింత పదాలు ఇరవై ఇస్తే ఏడు చదివింది, ఒత్తు పదాలు పది ఇస్తే ఒకటి చదివింది అని తేదీ వేసి రాస్తే, డిసెంబరుకు ఇరవైలో పదహారు కావాలని లక్ష్యం పెట్టుకోవచ్చు. వారానికోసారి కొత్త జాబితాతో పరీక్షించి ఆ సంఖ్య రాసుకోవచ్చు. దీనికి పట్టేది నాలుగైదు నిమిషాలు.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక చేయాలి. చదివే వేగం కొలిచే పద్ధతులు ఎక్కువగా ఇంగ్లిష్ కోసం పుట్టినవి, నిమిషానికి ఎన్ని పదాలు అని లెక్కిస్తాయి. తెలుగులో ‘వెళ్లిపోతున్నాడేమో’ అన్నది ఒక్క పదం. దాన్నీ ‘ఈగ’నూ చెరొక పదంగా లెక్కిస్తే పిల్లలకు అన్యాయం జరుగుతుంది. మన పిల్లలకు అక్షరాల లెక్కే సరైనది, అదీ సరళ పదాలు, గుణింతాలు, ఒత్తులు వేరువేరుగా. ఎవరో ఇచ్చిన యాప్‌లో గళ్లు నింపే ముందు మన విద్యా పరిశోధన శిక్షణ మండళ్లు ఈ పని చేసిపెట్టాలి.

కొలవడం సగం పనే. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ డీనో 1970ల చివరి నుంచి ఇలాంటి చిన్న చిన్న వారపు కొలతల పద్ధతిని తయారుచేశారు. ఆయన పద్ధతి మీద ఆధారపడినవాళ్లు పెట్టుకున్న నియమం తేలికైనది: పిల్లవాడు ఇప్పుడున్న చోటు నుంచి లక్ష్యం దాకా ఒక గీత గీయండి, వరసగా నాలుగు వారాలు వాడి సంఖ్య ఆ గీత కింద పడితే బోధనా పద్ధతి మార్చండి. లిన్ ఫుక్స్, డగ్లస్ ఫుక్స్ 1986లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూశారు. సంఖ్యలు రాసుకుని ఊరుకున్నవాళ్ల కంటే గ్రాఫు గీసినవాళ్ల పిల్లలు, టీచర్ తన అంచనాతో నిర్ణయించిన చోట కంటే ముందే పెట్టుకున్న నియమం ప్రకారం పద్ధతి మార్చిన చోట పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారని తేలింది. పద్ధతి మార్చమని చెప్పని రిపోర్టు ఎంత చక్కగా అచ్చయినా దాని వల్ల పిల్లవాడికి ఒరిగేది లేదు.

అమెరికాలో ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కొలరాడోలో ఆటిజం ఉన్న ఒక పిల్లవాడి ఐఈపీలో ఏటా దాదాపు అవే లక్ష్యాలు, అవే ఉపలక్ష్యాలు కొనసాగుతూ వచ్చాయి. అంటే వాడు వాటిని చేరుకోవడం లేదని పాత కాగితాలే చెబుతున్నాయి. ఐదో తరగతికీ అలాంటి ప్రణాళికే చేతిలో పెట్టేసరికి తల్లిదండ్రులు ప్రైవేటు బడికి మార్చారు, అక్కడ వాడు బాగా ముందుకు వెళ్లాడు. ఎండ్రూ ఎఫ్ కేసుగా పేరుపడిన ఈ వివాదంలో 2017 మార్చి 22న తీర్పు వచ్చింది. ఎనిమిది మంది న్యాయమూర్తులదీ ఒకే మాట: ఆ పిల్లవాడి పరిస్థితులను బట్టి తగిన పురోగతి సాధించేలా ప్రణాళిక ఉండాలి, ఏదో సున్నా కంటే ఎక్కువ వచ్చిందని చూపించి చదువు చెప్పామనుకుంటే కుదరదు. కోర్టులో ఆ తల్లిదండ్రుల పక్షాన మాట్లాడినవి బడి తన చేతులతో రాసిన పాత ప్రణాళికలే. ఏటా లక్ష్యాలు రాసి ఉంచారు కాబట్టి అవి కదలలేదని చూపించగలిగారు. మన దగ్గర అలాంటి కేసు వేయాలన్నా ముందు ఆ కాగితాలు ఉండాలి.

దివ్యాంగ పిల్లల చదువు కోసం అక్కడ 1975లో చట్టం వచ్చింది. మిగతా పిల్లల తల్లిదండ్రులకు ఎన్నిసార్లు రిపోర్టు కార్డు ఇస్తారో అన్నిసార్లూ ఈ తల్లిదండ్రులకూ లక్ష్యాల పురోగతి చెప్పాలన్న నిబంధన 1997 సవరణతో వచ్చింది. 2004లో చట్టాన్ని మార్చినప్పుడు చాలామంది పిల్లలకు స్వల్పకాలిక ఉపలక్ష్యాలు తప్పనిసరి కాదన్నారు. కాగితం పని తగ్గించడం కోసమన్నారు గానీ, నా దృష్టిలో అది పొరపాటే. ఏడాది చివర ఒకే లక్ష్యం ఉంటే మధ్యలో దారి తప్పిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఐఈపీ మీటింగులకు వెళ్లేవాళ్లు ఉన్నారు. ఎదురుగా నలుగురైదుగురు నిపుణులు, గంటలో ముగించాల్సిన మీటింగు, చివర్లో సంతకం. తమకు అర్థమయ్యే భాషలో దుబాసీని అడిగే హక్కు చట్టంలో ఉందని చాలామందికి తెలియదు. రిపోర్టులో బిడ్డ సంగతి ‘తగినంత పురోగతి’ అని అర్థమిచ్చే కోడు అక్షరాల్లో వస్తే, దాని వెనకున్న సంఖ్యలు చూపించమని అడగాలి. అడిగితే చూపించాల్సిన బాధ్యత బడిది.

మన దగ్గర మరో చిక్కు సదరం వంటి వైకల్య సర్టిఫికెట్‌లోని శాతం. 40 శాతం, ఆపైన ఉంటే పింఛను, రిజర్వేషను, మినహాయింపులు. కుటుంబానికి ఆ అంకె అన్నం పెడుతుంది కాబట్టి దాని విలువ కాదనలేం. కానీ బడిలో కూడా పిల్లవాడిని ఆ అంకెతోనే చూడటం అలవాటైపోయింది. ‘వీడు డెబ్బై ఐదు శాతం’ అంటారు. ఆ డెబ్బై ఐదు వైద్యులు వేసిన వైకల్యం లెక్క, వాడు చదువులో ఏం చేయగలడో అందులో లేదు. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చిన ప్రశస్త్ యాప్ కూడా గుర్తింపు కోసం ఉద్దేశించిందే. మొదటి భాగాన్ని తరగతి టీచర్, రెండో భాగాన్ని ప్రత్యేక ఉపాధ్యాయుడు నింపుతారు, 21 రకాల వైకల్యాల ఆనవాళ్లు పట్టుకుంటారు. అవసరమైన పనే. అయితే గుర్తించిన పిల్లవాడు ఆ తర్వాత ఏమయ్యాడో చెప్పే రెండో లెక్క లేకపోతే జాబితా పొడవు పెరగడమే మిగులుతుంది.

ఇలాంటి నమోదుకు అభ్యంతరం చెప్పేవాళ్లలో నేను గౌరవించేవాళ్లు ఉన్నారు. పిల్లల్ని గ్రాఫులుగా మార్చేస్తారని వాళ్ల భయం. ‘పురోగతి లేదు’ అని కాగితం మీద పడితే దాన్ని చూపించి బడి నుంచి పంపించేస్తారన్నది అంతకంటే పెద్ద భయం, అది నిరాధారం కాదు. అందుకే గీత కదలనప్పుడు మారాల్సింది బోధన అని ఐఈపీ మీదే రాసి ఉండాలి, తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. చట్టంలోని 21 వైకల్యాల్లో కండరాల క్షీణత కూడా ఉంది. ఆ పిల్లవాడి చేతి బలం ఏడాదికేడాది తగ్గుతుంది. నిరుడు పెన్ను పట్టినవాడు ఈసారి పట్టలేకపోవచ్చు. వాడి ప్రణాళికలో రాత వేగం లక్ష్యంగా పెడితే అది క్రూరత్వం. చెప్పి రాయించుకోవడం, ఫోన్‌లో మాటను అక్షరంగా మార్చుకోవడం, స్నేహితులతో కలిసి ఉండటం, బాత్రూముకు వెళ్లాలని సిగ్గుపడకుండా అడగగలగడం, ఇవి అతని లక్ష్యాలు. చేయి బలహీనపడుతున్నా తరగతిలో తన మాట చెబుతూనే ఉన్నాడంటే అది గొప్ప పురోగతి, దాన్ని అలాగే రాయాలి. ఏం కొలవాలన్నది పిల్లవాడిని ఎరిగినవాళ్లు నిర్ణయించాలి, అందరికీ ఒకే ఫార్మాట్ పంపితే ఈ పిల్లవాడు ప్రతిసారీ ఓడిపోతాడు.

తల్లిదండ్రులకు చెప్పే తీరు గురించీ ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నింటిలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టి పిల్లల ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చారు. తల్లిదండ్రులు బడికి రావడం మంచి అలవాటు. అలాంటి రోజున దివ్యాంగ పిల్లల తల్లి చేతికి కూడా అందరికీ ఇచ్చే మార్కుల కార్డే ఇస్తే ఆమె నలుగురిలో తలవంచుకుని వెళ్లాల్సి వస్తుంది. ఆ కార్డుతో పాటు ఆరు మెట్ల కాగితం లాంటిదొకటి, తేటతెలుగులో, రెండు తేదీల మధ్య తేడాతో ఇవ్వాలి. చదువు రాని తల్లికి కాగితం దేనికంటారా? అదే సంగతి నిమిషం వాయిస్ మెసేజ్‌గా వాట్సాప్‌లో పంపొచ్చు. ‘అమ్మా, చిన్నోడు వరుసలో మాట చెబితే నిలబడుతున్నాడు, పళ్లెం కడగడానికి ఇంకా చేయి పట్టాలి, ఇంట్లో మీరూ చెంబు ఇచ్చి కడిగించండి’ అంటే ఆమెకు పూర్తిగా అర్థమవుతుంది, ఆ సాయంత్రం నుంచే మొదలుపెడుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. బట్టలు వేసుకోవడం, రాత్రి నిద్ర, కోపం వచ్చినప్పుడు ఏం చేస్తాడు వంటివి బడికి కనబడవు. వాటికి తల్లి చెప్పిందే నమోదు. ఆమెను రిపోర్టు అందుకునే మనిషిగా మాత్రమే చూడటం మానేయాలి.

మనుషులు లేకుండా ఇదంతా జరగదు. 2021లో రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని చెప్పింది. తెలంగాణ 2024 డీఎస్సీలో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్‌జీటీ పోస్టులు చూపింది. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. ఆ నిష్పత్తికి ఇవి ఎంత దూరమన్నది వేరే చర్చ. ఇప్పుడు చేరుతున్నవాళ్లను మొదటి ఏడాదిలోనే ఏం అడుగుతామన్నదాని మీద తర్వాతి ఇరవై ఏళ్లు నడుస్తాయి. పంపిణీ వివరాలు ఎక్కించమని అడిగితే వాళ్లు అదే నేర్చుకుంటారు. ఒక్కో పిల్లవాడికి మూడు లక్ష్యాలు మించకుండా, మొదటి రోజు స్థాయి, నెలనెలా కొలత, పద్ధతి మార్చిన తేదీ రాసిన ఒక్క పేజీ అడిగితే అదీ నేర్చుకుంటారు. పంపిణీ లెక్కలు కార్యాలయ సిబ్బంది చూసుకోగలరు, ఈ పేజీ మాత్రం టీచరే రాయాలి.

ఆ పేజీ పిల్లవాడితో పాటు వెళ్లాలి కూడా. ఐదో తరగతి అయ్యాక పిల్లవాడు పక్క ఊరి హైస్కూలుకు వెళ్తాడు. పాలమూరు నుంచి, ఉద్దానం నుంచి కుటుంబాలు పనుల కోసం నగరాలకు కదులుతాయి. టీసీ వస్తుంది, అందులో పుట్టుమచ్చలు ఉంటాయి. ఐదేళ్లు ఒక టీచర్ కష్టపడి తెలుసుకున్నది, నీటి చప్పుడుకు భయపడతాడని, ఎడమవైపు నుంచి చెబితే బాగా వింటాడని, ఒత్తు పదాలు నాలుగు దాకా వచ్చాయని, ఏదీ రాదు. జూన్‌లో కొత్త బడి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది, అర్ధ సంవత్సర పరీక్షలు అయ్యేదాకా పిల్లవాడిని అర్థం చేసుకోవడంతోనే సరిపోతుంది. టీసీ ఇచ్చే ప్రధానోపాధ్యాయుడు ఐఈపీ చివరి పేజీ జతచేశాకే సంతకం పెట్టాలని, దాని నకలు తల్లిదండ్రుల దగ్గర ఉండాలని రెండు రాష్ట్రాల పాఠశాల విద్యా కమిషనర్లూ ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే ఏప్రిల్‌లోగా ఇస్తే ఈ ఏడాది ఐదో తరగతి పూర్తి చేసే పిల్లలకే అది పనికొస్తుంది.